నారు పోసే ముందు: వైరస్ మోసే పురుగులతో జాగ్రత్త

టమాటా, మిరప మొక్కకు వైరస్ సోకాక నయం చేసే మందు లేదు. మోసుకొచ్చే పురుగును ఆపడమే మార్గం.

– నారుమడిపై మొదటి రోజు నుంచే 40–50 మెష్ (అంగుళానికి 40–50 రంధ్రాలున్న) నైలాన్ వల కప్పండి, అంచులు మట్టిలో పూడ్చండి. నీడ కోసం వేసే షేడ్‌నెట్ చాలదు, తెల్లదోమ దాంట్లోంచి సులువుగా దూరుతుంది. నారులోనే తెల్లదోమ మోసే ఆకుముడత వైరస్ సోకితే ఆ మొక్క కాపు మీద ఆశ వదులుకోవాల్సిందే.

– వయ్యారిభామ, పాత పంట మోళ్లు నాటడానికి 2–3 వారాల ముందే పీకేయండి. నాటాక పీకితే వాటి మీది పురుగులన్నీ లేత మొక్కల మీదికి మళ్లుతాయి.

– పొలం చుట్టూ 2–3 వరుసలు జొన్న గానీ మొక్కజొన్న గానీ ముందే విత్తండి. పేనుబంక కొన్ని సెకన్లు గుచ్చినా కొన్ని వైరస్‌లు ఎక్కేస్తాయి. మందుకు చచ్చేలోపే పని ముగిస్తుంది. ముందుగా జొన్నను గుచ్చితే నోటికంటిన వైరస్ అక్కడే వదిలిపోతుంది.

– జిగురు అట్టలు: తెల్లదోమకు పసుపు, తామర పురుగుకు నీలం. మొక్క కొన ఎత్తులో కట్టాలి.

– సింథటిక్ పైరిత్రాయిడ్లు (సైపర్‌మెత్రిన్ లాంటి పురుగుమందులు) పదేపదే కొట్టొద్దు. మిత్రపురుగులు చచ్చి తెల్లదోమ ఇంకా పెరుగుతుంది.