పండుగ సేల్ మొదలయ్యేలోపు కార్డుకు గడియ వేయండి

కిందటి దసరాకు వారం ముందు, రాత్రి తొమ్మిదిన్నరకు మా పిన్ని ఫోను చేసింది. "చీర పార్సిల్ వెనక్కి పోయిందట. చిరునామా సరిచేయడానికి 5 రూపాయలు కట్టమని మెసేజ్ వస్తే కట్టాను. తీరా చూస్తే 49,000 పోయినట్టుంది" అంది. ముప్పై ఏళ్లు లెక్కల టీచరుగా పనిచేసిన మనిషి. పదో తరగతి పేపర్లలో అర మార్కు తేడా వచ్చినా పట్టుకునేది.

మర్నాడు వెళ్లి ఆమె ఫోను చూశాను. బ్యాంకు పంపిన ఓటీపీ మెసేజ్‌లో దాపరికమేమీ లేదు. మొదట 49,000 రూపాయలని ఉంది. తర్వాత డబ్బు ఎవరికి పోతోందో ఉంది. అది పార్సిల్ సంస్థ పేరు కానే కాదు. ఆ తర్వాత ఆరంకెలు. పిన్ని ఆ ఆరంకెలనే చూసింది. నిజానికి అవి కూడా చూడలేదు. కీబోర్డు పైన వాటంతట అవే ప్రత్యక్షమైతే వేలితో తాకింది, అంతే. మెసేజ్ తెరవాల్సిన అవసరమే రాలేదు.

కాబట్టి నా మొదటి మాట ఇది. ఓటీపీని నేనే నింపుతానని ఫోను ముందుకొస్తే ఒప్పుకోకండి. మెసేజ్ తెరిచి, ముందు మొత్తం, తర్వాత పేరు, ఆఖరున అంకెలు చదవండి. పది సెకన్ల పని. మన దేశంలో ఆన్‌లైన్ కార్డు చెల్లింపులకు ఈ రెండో తనిఖీ 2009 నుంచి ఉంది. "ఇంత సొమ్ము ఫలానావారికి ఇమ్మంటారా" అని కాపలాదారు వచ్చి అడుగుతుంటే, వాడి మొహమైనా చూడకుండా తల ఊపడం మనకు అలవాటైపోయింది.

అయినా మన కళ్ల మీదే భారం వేస్తే ఎంతకాలం నిలుస్తుంది? అలసిపోయిన రాత్రి, ఇంకో పది నిమిషాల్లో ముగిసిపోయే ఆఫర్ ముందు ఎంతటి వారైనా తడబడతారు. అందుకే సేల్ ఇంకా మొదలుకాకముందు, తీరిక ఉన్న సాయంత్రం బ్యాంకు యాప్ తెరిచి ఒక పావుగంట కూర్చోండి. అందులో కార్డు సెట్టింగుల దగ్గర స్విచ్‌లు ఉంటాయి: ఏటీఎం, దుకాణంలో వాడకం, తాకించి కట్టడం, ఆన్‌లైన్. మన దేశంలో వాడకానికి ఒకటి, విదేశాలకు మరొకటి. ఖాతాదారు తనకు తానే వీటిని తెరిచి మూసుకునే వీలు, రోజులో ఏ వేళైనా ఉండాలని రిజర్వు బ్యాంకు 2020 జనవరిలో ఆదేశించింది. ఆ మార్చి నుంచి కొత్తగా ఇచ్చే కార్డుల్లో ఆన్‌లైన్, విదేశీ స్విచ్‌లు మూసే ఉంటాయి, మనమే తెరుచుకోవాలి.

చిక్కంతా ఆ తెరవడంలోనే ఉంది. అమ్మాయికి అమెరికా యూనివర్సిటీ దరఖాస్తు ఫీజు డాలర్లలో కట్టాలని ఒకరోజు విదేశీ స్విచ్ తెరుస్తాం. ఫీజు కడతాం, అమ్మాయికి సీటొస్తుంది, డల్లాస్ వెళుతుంది, అక్కడ ఉద్యోగంలో కూడా చేరుతుంది. స్విచ్ మాత్రం తెరిచే ఉంటుంది. విదేశీ వెబ్‌సైట్లు చాలావరకు ఓటీపీ అడగవు. కార్డు నంబరు, గడువు తేదీ, వెనకాల ఉన్న మూడంకెల సీవీవీ ఉంటే వాటికి చాలు. దొంగలు ముందు ఒక డాలరో రెండు డాలర్లో లాగి, కార్డు పలుకుతోందో లేదో చూసుకుంటారు. పలికితే తర్వాత పెద్ద మొత్తం లాగుతారు. మీకు తెలియని 90 రూపాయల ఖర్చు మెసేజ్ వస్తే చిన్నదే కదా అని వదిలేయకండి, ఆ నిమిషమే కార్డు బ్లాక్ చేయండి.

స్విచ్‌ల పక్కనే పరిమితులు ఉంటాయి. కార్డు మీద రెండు లక్షల పరిమితి ఉన్నంత మాత్రాన ఆన్‌లైన్‌కు కూడా రెండు లక్షలు ఇవ్వాలని లేదు. 5,000 పెట్టుకోండి. ఫ్రిజ్ కొనే రోజున పెంచి, కొన్నాక తగ్గించండి. ఇంతమందికి చెప్పాను, విసుగని చేయనివారే ఎక్కువ. కానీ పిన్ని కార్డుకు ఆ 5,000 కట్టడి ఉండి ఉంటే ఆమె ఏమరుపాటుతో పని లేకుండా బ్యాంకు కంప్యూటరే ఆ 49,000ను తిప్పికొట్టేది.

డెబిట్ కార్డు సంగతి వేరు. అందులో పోయేది మీ సొంత పొదుపు, తేలేదాకా ఖాతా ఖాళీగానే ఉంటుంది. క్రెడిట్ కార్డులో వివాదం బిల్లు మీద నడుస్తుంది. బిల్లు సకాలంలో కట్టే క్రమశిక్షణ ఉంటే ఆన్‌లైన్‌కు క్రెడిట్ కార్డే మేలు. అది కూడా తక్కువ పరిమితి ఉన్నది ఒకటి విడిగా పెట్టుకుంటే ఇంకా మేలు.

ఇక ఫోను చేసేవాళ్లు. పండుగ రోజుల్లో వీరి కథ ఎక్కువగా రివార్డు పాయింట్ల మీద నడుస్తుంది: ఈ రాత్రికే గడువు ముగుస్తుంది, వెంటనే మార్చుకోవాలి. నమ్మకం కుదరడానికి మీ కార్డు మొదటి ఆరు అంకెలు, చివరి నాలుగు అంకెలు తడుముకోకుండా చదువుతారు. అక్కడే చాలామంది మెత్తబడతారు. మొదటి ఆరు అంకెలు మీవి కావు. ఏ బ్యాంకు, ఏ రకం కార్డు అన్నది చెప్పే అంకెలవి, అదే రకం కార్డు ఉన్న మరెందరికో అవే ఉంటాయి. చివరి నాలుగు దుకాణం రసీదు మీదా ఉంటాయి, బ్యాంకు మెసేజ్‌లోనూ ఉంటాయి. అంటే పదహారింటిలో పది అంకెలు ఏ దొంగతనమూ చేయకుండానే పోగుపడతాయి. మిగిలిన ఆరు, సీవీవీ, ఓటీపీ కోసమే ఆ తీయని మాటలన్నీ. బ్యాంకుల సేవా కాల్స్ కోసం 1600తో మొదలయ్యే నంబర్లు కేటాయించారు. మామూలు మొబైల్ నంబరు నుంచి "బ్యాంకు అధికారిని" అంటే పెట్టేయండి. అనుమానంగా ఉంటే కార్డు వెనక ముద్రించిన నంబరుకు మీరే చేయండి. కస్టమర్ కేర్ నంబరు కోసం గూగుల్‌లో వెతకడం మాత్రం వద్దు. అక్కడ ముందు కనిపించే నంబరు దొంగ పెట్టిందే కావచ్చు.

ఇంకో ఎత్తు ఉంది. మాట్లాడుతుండగా మరో కాల్ వస్తుంది, "అది మా మేనేజరుది, కలపండి" అంటారు. ఆ వచ్చేది ఓటీపీని చదివి వినిపించే బ్యాంకు కాల్. మీరు కలిపితే అవతలివాడు కూడా వింటాడు. తెలియనివారి మాట మీద ఏ కాల్‌నూ కలపకండి.

వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్లు, అంటే తాకితే ఫోనులో యాప్‌ను నేరుగా ఎక్కించే ఫైళ్లు, వీటన్నిటికన్నా ప్రమాదం. ట్రాఫిక్ చలానా, పెళ్లి శుభలేఖ, బ్యాంకు కేవైసీ, ఏదో ఒక వేషంలో వస్తాయి. ఒకసారి ఇన్‌స్టాల్ చేసి అనుమతులిచ్చారంటే మీ మెసేజ్‌లు చదవగలవు, ఓటీపీ మీకన్నా ముందు దొంగకు చేరుతుంది. అప్పుడు నేను పైన చెప్పిన పది సెకన్ల చదువు కూడా పనికిరాదు. పొరపాటున ఇన్‌స్టాల్ చేస్తే ముందు ఆ ఫోనులో ఇంటర్నెట్ ఆపేసి, ఇంకొకరి ఫోను నుంచి బ్యాంకుకు చెప్పండి.

వెబ్‌సైటు దగ్గర తాళం గుర్తు ఉంటే చాలనుకునేవారు ఇంకా ఉన్నారు. మీరు పంపే వివరాలను దారిలో ఎవరూ చూడలేరని మాత్రమే ఆ గుర్తు చెబుతుంది. చేరేది దొంగ ఇంటికే అయినా తాళం తాళంలాగే కనిపిస్తుంది. చిరునామాను కుడి నుంచి ఎడమకు చదవడం నేర్చుకోండి. డాట్ కామ్, డాట్ ఇన్ లకు సరిగ్గా ముందున్న పేరే అసలు యజమాని. దానికి ఎడమవైపు ఎంత పెద్ద కంపెనీ పేరున్నా అలంకారమే. ఎం అక్షరం ఉండాల్సిన చోట ఆర్, ఎన్ పక్కపక్కన పెట్టి మోసం చేస్తారు, చిన్న తెర మీద రెండూ ఒకేలా ఉంటాయి. బ్యాంకులకైతే రిజర్వు బ్యాంకు చెప్పడంతో డాట్ బ్యాంక్ డాట్ ఇన్ అనే చివర వచ్చింది, అది ఇతరులకు దొరకదు.

దుకాణం యాప్‌లో కార్డును దాచుకోవచ్చా అని తరచూ అడుగుతారు. 2022 అక్టోబరు 1 నుంచి దుకాణాలు మీ కార్డు నంబరును తమ దగ్గర ఉంచుకోకూడదు. మీరు సరేనంటే దానికి బదులు టోకెన్ అనే ఒక మారు నంబరు ఉంటుంది. ఒక దుకాణంలో దొంగిలించిన టోకెన్ మరో దుకాణంలో చెల్లదు. నెలనెలా కొనే పెద్ద దుకాణంలో దాచడం, ప్రతిసారీ అంకెలు కొట్టడంకన్నా నయమేనని నా అభిప్రాయం. ఇన్‌స్టాగ్రామ్ ప్రకటన చూసి వెళ్లిన దుకాణంలో మాత్రం కార్డే వద్దు, వస్తువు ఇంటికొచ్చాక డబ్బివ్వండి.

ఇంట్లోవాళ్ల గురించీ ఒక మాట. హాస్టల్లో ఉన్న అబ్బాయి అడిగాడని కార్డుకు ముందూ వెనకా ఫొటో తీసి వాట్సాప్‌లో పంపే తల్లిదండ్రులు నాకు డజనుమంది తెలుసు. ఆ ఫొటో రెండు ఫోన్లలో, రెండు బ్యాకప్‌లలో ఏళ్ల తరబడి పడి ఉంటుంది. సీవీవీని గుర్తుపెట్టుకుని కార్డు మీద చిన్న స్టిక్కరు అంటించండి.

ఇంతా చేసినా పోతే, వరుస తప్పొద్దు. ముందు యాప్‌లో కార్డు బ్లాక్. తర్వాత బ్యాంకుకు ఫోను, ఫిర్యాదు నంబరు రాసుకోవాలి. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను. ఆపైన సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు. బంధువులకు చెప్పుకోవడం ఆ తర్వాత. తప్పు మీదీ బ్యాంకుదీ కాక మరెక్కడో జరిగి ఉంటే, బ్యాంకు సమాచారం అందాక మూడు పనిదినాల్లో చెబితే మీ మీద భారం సున్నా అని రిజర్వు బ్యాంకు 2017 జులైలో ఆదేశించింది. నాలుగు నుంచి ఏడు పనిదినాలైతే, ఐదు లక్షల వరకు పరిమితి ఉన్న క్రెడిట్ కార్డుకు 10,000 రూపాయల దాకా, అంతకు మించిన కార్డుకు 25,000 దాకా మీరే భరించాల్సి రావచ్చు. ఓటీపీ మీరే ఇచ్చినట్టు తేలితే మాత్రం, ఫిర్యాదు చేసే క్షణం వరకు జరిగిన నష్టం మీదే. ఆ తర్వాత జరిగేది బ్యాంకుది. అంటే ప్రతి నిమిషానికీ ధర ఉంది.

పిన్ని నలభై నిమిషాల్లో బ్లాక్ చేయించింది కాబట్టి రెండోసారి లాగబోయిన 38,000 ఆగింది. 1930కి చెప్పడంవల్ల మొదటి దానిలో 21,000 ఒక వాలెట్‌లో చిక్కుకుని నాలుగు నెలలకు తిరిగొచ్చింది. మిగతా 28,000 పోయింది.

మొన్న ఆమె వాషింగ్ మెషీన్ కొంటానంటే, ఆన్‌లైన్ పరిమితి పెంచే పద్ధతి చెబుదామని ఫోను చేశాను. కొత్త నంబరు నుంచి చేశాను, అదే తప్పు. "నువ్వు నువ్వేనని నమ్మకం ఏమిటి? మా పెళ్లిలో బావిలో పడేసిన వస్తువేమిటో చెప్పు" అంది. బాబాయి చేతి గడియారం. అప్పుడు నాకు నాలుగేళ్లు. చెప్పాక గానీ ఆమె యాప్ తెరవలేదు.