విశాఖలో సల్సా: ఏ ఆకు వెయ్యాలి, అది లేకపోతే ఏది

అమెరికా, కెనడాల నుంచి వచ్చి విశాఖలో కొత్తగా కాపురం పెట్టినవాళ్ల కోసం ఈ సూచనలు. అక్కడ వారం వారం తిన్న సల్సా (టమాటా, ఉల్లి, మిర్చి, కొత్తిమీర కలిపి చేసే మెక్సికో పచ్చడి) ఇక్కడ సూపర్‌మార్కెట్లలో సీసాల్లో దొరుకుతుంది గానీ అందులో పచ్చి ఆకు వాసన ఉండదు. సీసా నిల్వ ఉండాలంటే సరుకును వేడి చెయ్యక తప్పదు, కొత్తిమీర పరిమళమేమో వేడికి నిలవదు. ఇంట్లో చేసుకోవడమే మేలు. ముడిసరుకంతా రైతుబజారులోనే ఉంది.

నలుగురికి సరిపడా పచ్చి సల్సాకి కొలతలివి: టమాటాలు 400 గ్రాములు, చిన్న ఉల్లిపాయ ఒకటి, సన్నగా తరిగిన కొత్తిమీర అర కప్పు, నిమ్మరసం రెండు టేబుల్ స్పూన్లు, ఉప్పు అర టీ స్పూను, మిర్చి. నాటు టమాటాలో పులుపు, రసం ఎక్కువ. ముక్క నిలవాలంటే కండ గట్టిగా ఉండే హైబ్రిడ్ రకం తీసుకోండి. గింజలు తీసేసి, ముక్కలకు ఉప్పు పట్టించి పావుగంట చిల్లుల గిన్నెలో వదిలెయ్యాలి. ఈ పని మానేస్తే గంటలో గిన్నె అడుగున నీళ్లు చేరి, ఆకు అందులో నాని నల్లబడుతుంది. మిక్సీ మాత్రం వద్దు. గాలి చేరి టమాటా గులాబీ రంగు నురగవుతుంది, కొత్తిమీర గడ్డి వాసన కొడుతుంది. రోటి పచ్చడికి పనికొచ్చే పద్ధతి దీనికి పనికిరాదు.

కొత్తిమీర కొనేటప్పుడు ఒక ఆకు నలిపి వాసన చూడండి. ఎంవీపీ కాలనీ, సీతమ్మధార రైతుబజార్లలోనో, పూర్ణా మార్కెట్లోనో పొద్దున్నే వెళ్తే వేళ్లతో ఉన్న కట్టలు దొరుకుతాయి, అవే ఎక్కువ నిలుస్తాయి. నాటు కొత్తిమీరకి ఆకు చిన్నది, ఘాటు ఎక్కువ. అక్కడి కొలత ప్రకారం వేసేవాళ్లు నాలుగో వంతు తగ్గించి మొదలుపెట్టి, రుచి చూసి కలుపుకోవడం మంచిది. ఎండలు ముదిరితే మొక్క త్వరగా పూతకొస్తుంది. అప్పుడు ఆకు సన్నటి చీలికలుగా మారి రుచి మొరటుగా ఉంటుంది. ఆ కట్ట సల్సాకి వద్దు. దానికి పచ్చి ధనియాలు పట్టి ఉంటే మాత్రం పారెయ్యకండి. ఒక టీ స్పూను గింజలు కచ్చాపచ్చాగా దంచి వేస్తే కొత్తిమీర వాసన, నిమ్మ తొక్క వాసన కలిసి వస్తాయి.

కడగడం దగ్గరే చాలామందికి చెడుతుంది. వెడల్పాటి బేసిన్ నిండా నీళ్లు పోసి కట్ట విప్పి ముంచి, ఇసుక అడుక్కి దిగేదాకా ఆగి, ఆకును చేత్తో పైకి తియ్యాలి. నీళ్లు ఒంపితే ఇసుక మళ్లీ ఆకు మీదికే వస్తుంది. రెండు మూడు నీళ్లు మార్చి, నూలు గుడ్డ మీద పరిచి పూర్తిగా ఆరనివ్వాలి. మన సముద్రపు తేమలో ఆరడానికి సమయం పడుతుంది, ఫ్యాను కింద పెట్టండి. తడి ఆకు తరిగితే కత్తికి అంటుకుని నలుగుతుంది, నలిగిన చోటల్లా నల్లబడుతుంది. లేత కాడలు కూడా తరగండి, వాటిలో రుచి ఆకుకి తీసిపోదు. పదునైన కత్తితో ఒక్కసారి తరిగి, వడ్డించే పది నిమిషాల ముందు కలపాలి.

ఇక కొత్తిమీర దొరకనప్పుడు. దానికి ఒక్క ఆకుతో సరితూగే బదులు లేదు, కాబట్టి అది చేసే పనిని రెండు మూడింటికి పంచాలి. అర కప్పు కొత్తిమీర బదులు పావు కప్పు ఉల్లికాడల ఆకుపచ్చ భాగం, రెండు టేబుల్ స్పూన్లు సన్నగా తరిగిన పుదీనా, చిటికెడు వేయించిన జీలకర్ర పొడి వేయండి. ఉల్లికాడ పచ్చిదనాన్ని, పుదీనా చలువను ఇస్తాయి. జీలకర్ర, కొత్తిమీర ఒకే కుటుంబపు మొక్కలు కాబట్టి ఆ పొడి వెనక నుంచి కొత్తిమీరను గుర్తు చేస్తుంది. పుదీనా అంతకు మించితే సల్సా పోయి పుదీనా పచ్చడి మిగులుతుంది. పొడి కొత్తిమీర ఆకు కొనవద్దు, దానికి రంగే తప్ప రుచి లేదు.

కొందరికి కొత్తిమీర సబ్బులా అనిపిస్తుంది. వాసనను పసిగట్టే ఓ జన్యువులోని తేడాకి దీనితో సంబంధముంది. పిల్లల్లో ఎవరైనా అలా అంటే బలవంతం చెయ్యకండి, వాళ్ల గిన్నెలో పై మిశ్రమమే వేయండి.

ఉడికించిన సల్సాకి లెక్క వేరు. మెక్సికోలో అందులో వాడే ఒరెగానో, పిజ్జా పొట్లాల్లో వచ్చేదీ వేర్వేరు మొక్కలు. అయినా 400 గ్రాముల టమాటాకి పొట్లంలోది అర టీ స్పూను అరచేతిలో నలిపి వేస్తే పని జరుగుతుంది. అంతకన్నా నాకిష్టమైనది మన వాము ఆకు, బజ్జీలు వేసుకునే ఆ మందపాటి ఆకే. ఒరెగానో ఘాటుకి కారణమైన కార్వక్రాల్, థైమాల్ అనే పరిమళ పదార్థాలు దీనిలోనూ ఉంటాయి. రెండు ఆకులు చాలు. దారాల్లా తరిగి, నూనెలో నిమిషం మగ్గనిచ్చాక టమాటా వెయ్యాలి. పచ్చిగా వేస్తే నూగు నాలుకకు తగులుతుంది, చేదు పైకొస్తుంది. మామిడి సల్సాకైతే దోరగా ఉన్న కలెక్టరు కాయ తీసుకుని, సబ్జా గింజలిచ్చే రుద్రజడ ఆకులు ఐదారు చిదిమి వేసి చూడండి, చాలా బాగుంటుంది. తులసి మాత్రం వద్దు, దాని లవంగపు ఘాటు మిగతా అన్నిటినీ మింగేస్తుంది. మెంతికూర, పచ్చి కరివేపాకు కూడా ఇందులో ఇమడవు.

అక్కడ సల్సాలో వేసే హలపీన్యో అనే మెక్సికో మిర్చి బదులు బజ్జీ మిర్చి వాడండి. కండ మందం, కారం తక్కువ. మామూలు పచ్చిమిర్చి హలపీన్యో కన్నా ఎన్నో రెట్లు కారం కాబట్టి అక్కడి వంటకంలో రెండు అని ఉంటే ఇక్కడ అరకాయతో మొదలుపెట్టాలి. మన ఉల్లిపాయ ఘాటు తగ్గాలంటే ముక్కల్ని పది నిమిషాలు చల్లటి నీళ్లలో ఉంచి వడకట్టండి.

ఆకుపచ్చ సల్సాకి టొమాటియో (పొర తొడుగులో ఉండే పుల్లటి పచ్చ కాయ) కావాలి, అది మన బజార్లలో కనిపించదు. బాగా పచ్చిగా ఉన్న టమాటాలు అంతే బరువు తీసుకుని, పెనం మీద నల్ల మచ్చలు పడేదాకా కాల్చి, రెండు వెల్లుల్లి రెబ్బలతో దంచి, ఒక నిమ్మకాయ పిండండి. పూర్తిగా చల్లారాకే కొత్తిమీర. గోరువెచ్చగా ఉన్నా ఆకు ఉడికిపోయి ఆలివ్ రంగుకు తిరుగుతుంది.

నిల్వ విషయంలో గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటుంది. సీసాలో పెట్టాం కదా అని సల్సాని ఊరగాయలా బల్ల మీద ఉంచకండి. ఆవకాయను కాపాడేది అందులోని ఉప్పు, కారం, ఆవపిండి, నూనె. సల్సాలో ఉన్నదంతా నీళ్లు, కాస్త పులుపు. వడ్డించాక రెండు గంటలు, వేడి 32 డిగ్రీలు దాటిన రోజున గంట మాత్రమే బయట ఉంచవచ్చు. ఫ్రిజ్‌లో మూడు రోజులు. ఎక్కువ చేసుకోవాలంటే ఆకు వెయ్యకుండా మిగతాది కలిపి పెట్టుకుని, తినేటప్పుడు కావలసినంత తీసి ఆకు కలుపుకోండి. నెలల తరబడి సీసాల్లో నిల్వ చెయ్యాలనుకుంటే నిల్వకు సురక్షితమని పరీక్షించి తేల్చిన వంటకాన్ని అక్షరాలా పాటించండి. ఎండు ఆకు ఎంత వేసినా ఫర్వాలేదు గానీ, పచ్చి ఆకులు, ఉల్లిపాయ, మిర్చి పెంచితే పులుపు పలచబడి ప్రమాదకరమైన బొట్యులిజం బాక్టీరియాకి చోటు దొరుకుతుంది.

బాల్కనీ ఉంటే కుండీలో కొత్తిమీర వేసుకోండి. ధనియాలను అప్పడాల కర్రతో మెల్లగా నొక్కి రెండు బద్దలు చేసి, రాత్రంతా నానబెట్టి, అర అంగుళం లోతున నేరుగా కుండీలోనే చల్లాలి. నారు పీకి నాటితే వేరు దెబ్బతిని తొందరగా పూతకొస్తుంది. మొలకకు వారం నుంచి రెండు వారాలు, కోతకు నెలా నెలన్నర పడుతుంది. ఎండాకాలంలో మధ్యాహ్నపు ఎండ తగలని చోట పెట్టండి. మూడు వారాలకోసారి కొత్త కుండీలో చల్లుతూ ఉంటే ఒకటి అయ్యేసరికి ఇంకొకటి అందుతుంది.