ఇంగ్లిష్ చదువుకుందాం – 6: ఇంటిదొంగ మాటలు

ఈసారి ప్రెపోజిషన్ల గురించి చెబుతానని మాటిచ్చాను. అది వచ్చే పాఠానికి వాయిదా వేస్తున్నాను. పోయిన పాఠంలోని పేరాకు మీరు రాసిన జవాబులన్నీ ముందేసుకుని రెండు రాత్రులు చదివాను. ఈ సంగతి తేల్చకుండా ముందుకు వెళ్తే కట్టిన గోడ మళ్లీ కూలుతుంది.

డిక్షనరీ ముట్టుకోకుండా చదవమన్నాను, గుర్తుందిగా. తెలియని మాట కింద పెన్సిల్‌తో గీత గీసి, ముందువెనకల మాటల్ని బట్టి అర్థం ఊహించమన్నాను. పేరా ఇదీ:

“ఫార్మర్స్ డౌటెడ్ దట్ ద కెనాల్ వాటర్ వుడ్ రీచ్ ద టెయిల్-ఎండ్ విలేజెస్. ది ఇంజినీర్ ప్రామిస్డ్ టు అడ్రస్ ది ఇష్యూ. ఫండ్స్ వర్ శాంక్షన్డ్ లాస్ట్ ఇయర్, హి సెడ్, బట్ ద వర్క్ హ్యాడ్ హార్డ్లీ బిగన్.”

ఎక్కువమంది ‘టెయిల్-ఎండ్’ కింద మాత్రమే గీత గీశారు. కొందరు అదీ గీయలేదు. అన్నీ వచ్చిన మాటలే అనుకున్నారు. తీరా రాసిన అర్థం చూస్తే: “కాలువ నీళ్లు వస్తాయేమోనని రైతులకు డౌటొచ్చింది. ఇంజినీరు అడ్రసు ఇస్తానని మాటిచ్చాడు. నిధులు మంజూరయ్యాయి, పని కష్టంగా మొదలైంది.”

అసలు అర్థం: కాలువ నీళ్లు చివరి ఆయకట్టు ఊళ్ల దాకా రావని రైతులు అనుకున్నారు. ఆ సమస్య సంగతి చూస్తానని ఇంజినీరు మాటిచ్చాడు. నిధులు నిరుడే మంజూరైనా పని దాదాపు మొదలే కాలేదన్నాడు.

మూడు వాక్యాల్లో మూడు చోట్ల అర్థం తలకిందులైంది. మూడుచోట్లా కారణం తెలియని మాట కాదు, బాగా తెలిసిన మాట. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. డౌటు, అడ్రసు, ఇష్యూ, కవరు, కరెంటు, టేబులు, సెంటిమెంటు... ఇవన్నీ మనింట్లో పుట్టి పెరిగినట్టే తిరుగుతుంటాయి. అందుకే పేజీ మీద కనబడినప్పుడు ఎవరూ ఆపి అడగరు. తెలియని మాట దగ్గర మనిషి ఆగుతాడు, ఆలోచిస్తాడు. తెలిసిన మాట దగ్గర ఆగడు. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి, ఇంటర్‌లో ఒక్కసారిగా ఇంగ్లిష్ మీడియంలో పడ్డవాళ్లకు ఈ దెబ్బ మరీ గట్టిగా తగులుతుంది. పాఠం అర్థమైందనే అనుకుంటారు, పరీక్షలో జవాబు తప్పుతుంది. తప్పు ఎక్కడో మాత్రం తెలియదు.

ఇంకో రకం ఇబ్బంది గురించి కూడా రాశారు. నేనిచ్చిన పేరా వదిలేసి పేపర్లో సంపాదకీయం తీసుకుని, నలభై గీతలు గీసి, విసుగొచ్చి మూసేశామన్నారు. దానికి పెద్ద వైద్యం అక్కర్లేదు. వందలో రెండు మాటలకు మించి తెలియనివి ఉంటే ఆ పేజీ ఇప్పటికి మీది కాదు. నూటికి 98 మాటలు తెలిసి ఉంటేనే ఒకరి సాయం లేకుండా చదువుకోగలమని ఈ విషయం మీద పని చేసిన పరిశోధకులు చెబుతారు. సంపాదకీయంతో మొదలుపెట్టమని ఎవరు చెప్పినా వినకండి. గ్రూప్స్‌కు ప్రిపేరయ్యే పిల్లలకు అదే మొదటి మెట్టని చెబుతుంటారు, నాకది నచ్చదు. క్రీడల పేజీతో మొదలుపెట్టండి. రాత్రి మ్యాచ్ చూసి పొద్దున్నే దాని వార్త చదివితే జరిగిందేమిటో మీకు ముందే తెలుసు. కొత్త మాట అర్థం దానంతటదే తెరుచుకుంటుంది.

ఇక డౌటు.

దీనికి ఇంత చోటు ఇవ్వడానికి కారణం ఉంది. నా దగ్గర చదువుకున్న ఒక కుర్రాడి సైకిలు పోయింది. పక్కవీధి మనిషి మీద అనుమానం. స్టేషన్‌లో ఇవ్వడానికి ఫిర్యాదు తనే ఇంగ్లిష్‌లో రాసుకుని నాకు చూపించాడు. “ఐ డౌట్ దట్ హి టుక్ మై సైకిల్” అని ఉంది. ‘అతనే తీశాడని నా అనుమానం’ అన్నది వాడి ఉద్దేశం. కాగితం మీద ఉన్నదేమో ‘అతను తీశాడంటే నేను నమ్మను’ అని. ఎవరి మీద ఫిర్యాదు చేస్తున్నాడో వాళ్లనే వెనకేసుకొచ్చాడన్నమాట. కుదురైన రాత, ఒక్క స్పెల్లింగు తప్పు లేదు. ఆ కాగితం చూసిన రోజు నుంచి ఈ మాట ఎక్కడ కనబడినా నాకు మనసు ఊరుకోదు.

తెలుగులో డౌటును మనం మూడు రకాలుగా వాడతాం. “సార్, ఒక డౌట్” అంటే ప్రశ్న. “వాడి మీద నాకు డౌట్” అంటే వాడే చేసి ఉంటాడని. “వస్తాడా అంటే డౌటే” అంటే రాకపోవచ్చని. ఈ మూడింటిలో ఇంగ్లిష్ క్రియకు సరిపోయేది మూడోది ఒక్కటే. రెండోదానికి ఇంగ్లిష్‌లో వేరే మాట ఉంది, సస్పెక్ట్.

పిల్లలకు నేను చెప్పే గుర్తు తల ఊపడం. డౌట్ అన్నప్పుడు తల అడ్డంగా ఊగుతుంది: కాదేమో, రాదేమో, జరగదేమో. సస్పెక్ట్ అన్నప్పుడు నిలువుగా ఊగుతుంది: అవుననే అనిపిస్తోంది. చదువుతున్నప్పుడు నిజంగానే తల ఊపండి, ఎవరేమనుకున్నా ఫరవాలేదు.

“ఐ డౌట్ దట్ ఇట్ విల్ రెయిన్.” అడ్డంగా. వాన పడదనుకుంటున్నాను.
“ఐ సస్పెక్ట్ దట్ ఇట్ విల్ రెయిన్.” నిలువుగా. పడుతుందనే అనిపిస్తోంది.
“ఐ డోంట్ డౌట్ దట్ హి ఈజ్ ఆనెస్ట్.” అడ్డాన్ని మళ్లీ అడ్డం కొట్టేశారు. నిజాయితీపరుడని నమ్ముతున్నాను.

ఆసుపత్రిలో ‘సస్పెక్టెడ్ డెంగ్యూ’ అని రాస్తే డెంగ్యూ అయి ఉండొచ్చని, పరీక్ష ఇంకా తేలలేదని. క్రికెట్ వార్తలో బౌలర్ ‘డౌట్‌ఫుల్’ అంటే గాయం వల్ల ఆడకపోవచ్చని. ‘బెనిఫిట్ ఆఫ్ డౌట్’ అయితే మనందరికీ కంఠతా వచ్చు. బ్యాట్స్‌మన్ ఔటేనని అంపైర్‌కు నమ్మకం కుదరలేదు, కాబట్టి నాటౌట్. కోర్టులోనూ అంతే. నేరం చేశాడని జడ్జికి పూర్తి నమ్మకం కుదరలేదు, కాబట్టి విడుదల. చూశారా, డౌట్ నిందితుణ్ని విడిపిస్తుంది. సస్పెక్ట్ అతన్ని స్టేషన్‌కు పిలిపిస్తుంది. అనుమానం అన్న ఒకే మాటతో రెండు పనులూ కానిచ్చేస్తాం కనక మనకు ఈ తేడా కనబడదు.

ఇంగ్లిష్-తెలుగు డిక్షనరీ తీసినా గండం గట్టెక్కదు. డౌట్ దగ్గర ‘సందేహించు, అనుమానించు’ అని, సస్పెక్ట్ దగ్గర ‘అనుమానించు’ అని ఉంటుంది. తప్పని అనలేం. కానీ అక్కడికి వెళ్లినవాడు పట్టుకొచ్చేది ఆ ఉమ్మడి మాటనే. ఇంకో సంగతి. పాత ఇంగ్లిష్ పుస్తకాల్లో డౌట్ అంటే ‘అలా జరిగిందేమోనని భయం’ అన్న అర్థమూ కనిపిస్తుంది, స్కాట్లాండ్ వాడుకలో అది ఇప్పటికీ ఉంది. మీరు చదివే పేపర్లో అది తగలదు. తల అడ్డంగానే ఊపండి.

మిగతావి అంత మొండివి కావు. వాటిని పట్టడానికి నేను వాడే అడ్డదారి ఒకటుంది: మాట తోక చూడటం.

ఇంగ్లిష్ మాటను తెలుగులోకి తెచ్చుకున్నప్పుడు దాదాపు ఎప్పుడూ పేరుగానే తెచ్చుకుంటాం. క్రియ కావాలంటే మన చేయడం, అవ్వడం, పెట్టడం తగిలిస్తాం. ఫోన్ చేశాడు, ఫెయిలయ్యాడు, టెండర్ పెట్టారు. అడ్రసు, టేబులు, కుర్చీకి వాడే ఛెయిర్ మనకు వస్తువుల పేర్లే. ఇంగ్లిష్‌లో అవే మాటలు రాత్రికి రాత్రి క్రియలవుతాయి. కాబట్టి వస్తువు పేరనుకున్న మాటకు చివర ‘డ్’ తోక కనబడినా, ముందు ‘టు’ ఉన్నా ఆగండి. అక్కడ మీకు తెలిసిన అర్థం పనికిరాకపోవచ్చు.

“ద రిపోర్ట్ వాజ్ టేబుల్డ్ ఇన్ ది అసెంబ్లీ.” నివేదికను సభ ముందు ఉంచారు. (అమెరికా వార్తల్లో ఇదే మాటకు చర్చను పక్కన పెట్టారని అర్థం. అచ్చంగా ఎదురు.)
“ద కలెక్టర్ ఛెయిర్డ్ ద మీటింగ్.” సమావేశానికి అధ్యక్షత వహించారు.
“ద మినిస్టర్ ఫీల్డెడ్ క్వశ్చన్స్.” ప్రశ్నలకు జవాబులిచ్చారు. క్రికెట్‌లో ఫీల్డింగ్ గుర్తు తెచ్చుకోండి, వచ్చిన బంతిని వచ్చినట్టు ఆపడం.
“షి అడ్రస్డ్ ద గ్యాదరింగ్.” సభలో మాట్లాడింది. అదే ‘అడ్రస్డ్ ద ప్రాబ్లం’ అయితే సమస్యను పట్టించుకుని ఏదో చేసింది. సమస్య తీరిందని మాత్రం కాదు, తొందరపడకండి.

తోకతో దొరకనివీ ఉన్నాయి. శాంక్షన్ అనగానే మనకు లోను గుర్తొస్తుంది, మంజూరు. విదేశీ వార్తల్లో ఒక దేశం మీద ‘శాంక్షన్స్’ అంటే ఆంక్షలు. ఎవరి మీద అన్న ‘ఆన్’ పక్కన ఉందేమో చూడండి, చాలాసార్లు అదే తేల్చేస్తుంది. ‘కరెంట్ అకౌంట్ డెఫిసిట్’ను ఒకరు కరెంటు లెక్కల్లో లోటని రాశారు. విద్యుత్తుకూ దానికీ సంబంధం లేదు. విదేశాలతో సాగే సరుకులు, సేవలు వగైరా రాబడి కన్నా చెల్లింపులు పెరిగితే వచ్చే లోటు అది. ‘మార్కెట్ సెంటిమెంట్’ అంటే పిల్లి ఎదురొచ్చిందని షేర్లు కొనకపోవడం కాదు, మదుపుదారుల మొత్తం మూడ్. ‘ద రుపీ అప్రీషియేటెడ్’ అంటే రూపాయి విలువ పెరిగింది. ‘ఐ అప్రీషియేట్ యువర్ డిఫికల్టీ’ అంటే మీ ఇబ్బంది నాకు అర్థమైందని, మీ ఇబ్బందిని మెచ్చుకున్నానని కాదు. ‘హార్డ్లీ’ హార్డ్ కడుపునే పుట్టినా ఆ పోలిక చూసి మోసపోకండి: దాదాపు లేదు, అంతే. ‘హి వర్క్స్ హార్డ్’ అన్నది పొగడ్త, ‘హి హార్డ్లీ వర్క్స్’ అన్నది ఫిర్యాదు.

డిక్షనరీ సంగతి అడిగారు. నా మటుకు నేను ఇంగ్లిష్-ఇంగ్లిష్ లర్నర్స్ డిక్షనరీయే వాడతాను, మిమ్మల్నీ అదే వాడమంటాను. అది ఇంగ్లిష్ పుట్టుకతో వచ్చినవాళ్ల కోసం చేసింది కాదు. హార్న్‌బీ అనే ఇంగ్లిష్ మాస్టారు జపాన్‌లో పాఠాలు చెబుతూ, అక్కడి విద్యార్థులు ఎక్కడ తడబడుతున్నారో చూసి ఇంకొందరితో కలిసి తయారుచేశారు. 1942లో టోక్యోలో అచ్చయింది, 1948లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లు తీసుకున్నారు. ఇప్పుడు ఫోన్‌లోనే ఉచితంగా దొరుకుతుంది. తెరిచాక అర్థం చదవకండి, ముందు దాని కింది ఉదాహరణ వాక్యం చదవండి. నోట్సులో కూడా మాటకు మాట రాసుకోవద్దు, పూర్తి వాక్యం రాసుకోండి. ‘డౌట్ = అనుమానం’ అన్న ఒక్క గీటు సైకిలు పోయిన కుర్రాడి నోట్సులో నేను కళ్లారా చూశాను. రోజుకు పది మాటలు బట్టీ పట్టే పద్ధతి మీద నాకు నమ్మకం లేదు.

అభ్యాసం. ఈసారి కాస్త పెద్దదే, పదిహేను రోజులు పడుతుంది.

ఒక రోజంతా మీ ఇంట్లో చెవి పెట్టి వినండి. నాయనమ్మ, అమ్మ, పాలవాడు, పక్కింటివాళ్లు, ఎవరి నోట ఇంగ్లిష్ మాట వచ్చినా చిన్న కాగితం మీద రాయండి. కవరు, బ్యాలెన్సు, టిఫిను, ఫీలయింది, లైను, కేసు, సైడు, ఏదైనా సరే. అరవై పోగయ్యేదాకా ఆపొద్దు. రాసేటప్పుడే వాళ్లు ఏ అర్థంలో వాడారో పక్కన పెట్టండి. ఆ తర్వాత పద్నాలుగు రోజులు ఏదో ఒక ఇంగ్లిష్ పేపరు తీసుకుని ఆ మాటల కోసం వెతకండి. దొరికిన ప్రతి వాక్యాన్నీ పూర్తిగా ఎత్తి రాసి, ఇంట్లో అర్థం అక్కడ సరిపోతే టిక్కు, సరిపోకపోతే ఎర్ర గుండ్రం పెట్టండి. కనీసం ఇరవై ఎర్ర గుండ్రాలు కావాలి. ‘కవర్’ ఒక్కదానికే నాకు ఐదు దొరికాయి: ఇన్సూరెన్స్ కవర్, మ్యాచ్‌ను కవర్ చేసిన విలేకరి, రెండొందల కిలోమీటర్లు కవర్ చేసిన యాత్ర, కవర్స్‌లో ఫీల్డర్, ఖర్చులు కవర్ కావడం.

చివరగా ఈ రెండు వాక్యాలకు తెలుగు రాసి పంపండి. తల ఊపాకే రాయండి.

“ద డాక్టర్ డౌటెడ్ దట్ ఇట్ వాజ్ మలేరియా. షి సస్పెక్టెడ్ టైఫాయిడ్.”