వ్యాయామం మొదలుపెట్టారా? కంచం ఇలా సర్దుకోండి

వరంగల్ భద్రకాళి చెరువు కట్ట మీద పొద్దున్నే నడిచేవాళ్లు, హన్మకొండ స్టేడియంలో కానిస్టేబుల్ ఉద్యోగం కోసం పరుగెత్తే పిల్లలు, కొత్తగా జిమ్ముకు డబ్బు కట్టినవాళ్లు, ఎవరిని కదిపినా ముందు అడిగేది ఏ ప్రోటీన్ పౌడర్ తాగాలనే. పౌడర్ సంగతి తర్వాత చూద్దాం, ముందు మీ కంచంలో ఏముందో చూడండి. చాలామందికి ఇంటి తిండే సరిపోతుంది, పాళ్లు మార్చుకుంటే చాలు.

మొదట మూడు రోజులు రాయండి

తిన్నది తిన్నట్టు నోట్‌బుక్‌లో రాయండి, చాయ్‌లో చక్కెర, సాయంత్రం తిన్న మిర్చీ బజ్జీతో సహా. అప్పుడే ఏమీ మార్చకండి. నేను రాసి చూసుకుంటే రెండు పూటలా కంచం నిండా అన్నమే, పప్పుచారు మాత్రం గరిటె అడుగుదాకా ముంచి ఎత్తినా పలుకు తగలనంత పల్చన. పొద్దున రెండు చాయ్‌లు తాగి నడకకు పోయేవాణ్ణి. రెండు నెలలు నడిచినా నీరసం ఎందుకు వదల్లేదో ఆ కాగితం చూశాకే అర్థమైంది.

ప్రోటీన్ లెక్క వేసుకోండి

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్లకు ఒంటి బరువులో కిలోకు రోజుకు 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలి. అంటే 60 కిలోల మనిషికి సుమారు 50 గ్రాములు. గట్టిగా బరువులు ఎత్తేవాళ్లకు, రోజూ చాలా దూరం పరుగెత్తేవాళ్లకు కిలోకు 1.2 నుంచి 1.6 గ్రాముల దాకా పడుతుంది.

ఇంట్లో ఎట్లా వస్తుందో చూడండి. రెండు పూటలకూ కలిపి 60 గ్రాముల కందిపప్పో పెసరపప్పో వండితే 13 గ్రాములు, రెండు కోడిగుడ్లకు 12, పాలూ పెరుగూ కలిపి 300 మిల్లీలీటర్లకు 9, గుప్పెడు పల్లీలకు 7, రోజు మొత్తంలో తినే 200 గ్రాముల బియ్యానికి 14 దాకా. యాభై దాటింది కదా. గుడ్డు తిననివాళ్లు ఉడికించిన బొబ్బర్లో శనగలో గుగ్గిళ్లుగా చేసుకోండి, పెరుగు కొంచెం పెంచుకోండి. కండ పెంచుకోవడానికి ప్రోటీన్ పౌడర్లు వాడొద్దని అదే సంస్థ 2024 మార్గదర్శకాల్లో చెప్పింది, నాకూ అదే సరైందనిపిస్తుంది.

ప్రోటీన్ అంటే అమైనో ఆమ్లాలనే చిన్న ముక్కల కూర్పు. వాటిలో లైసిన్ అనేది బియ్యంలో తక్కువ, పప్పులో దండిగా ఉంటుంది. పప్పులో తక్కువపడే మెథియోనిన్ అనే ఇంకో ముక్క బియ్యంలో దొరుకుతుంది, ఒకదాని లోటు ఇంకోటి తీరుస్తుందన్నమాట. అందుకే అన్నం మానేయకుండా రెండు గరిటెలు తగ్గించి, పప్పును ముద్దపప్పులా చిక్కగా వండుకోండి.

కూర పెంచండి

కూర అంటే అన్నంలో కలుపుకోవడానికి రెండు చెంచాలు అనుకుంటాం. కానీ రోజుకు 400 గ్రాముల దాకా కూరగాయలు, ఆకుకూరలు, ఇంకో 100 గ్రాముల పండ్లు కావాలి. గంగవాయిలి కూర, తోటకూర, పుంటికూర మన అంగట్లో దొరికేవే. ఆకుకూర పప్పు తినేటప్పుడు నిమ్మకాయ పిండుకుంటే ఐరన్ ఒంటికి బాగా పడుతుంది, తిన్న వెంటనే చాయ్ తాగితే అంత పట్టదు, గంట ఆగండి. వారంలో నాలుగు రాత్రులు అన్నానికి బదులు జొన్నరొట్టె గానీ మక్క గట్క గానీ పెట్టుకుంటే పీచు పెరుగుతుంది, కడుపు నిండుగా ఉంటుంది. సర్వపిండి నాకు ప్రాణం, కాని నూనె బాగా పీలుస్తుంది, వారానికి ఒకసారి చాలు. ఉప్పు రోజంతా కలిపి 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా, దాటొద్దు. పచ్చళ్లలో ఉన్నదీ అందులోనే లెక్క.

వ్యాయామానికి ముందూ తర్వాతా

అరగంట నడకకు ముందు ప్రత్యేకంగా ఏమీ తినక్కర్లేదు, ఒక గ్లాసు నీళ్లు చాలు. గంటసేపు పరుగో బరువులో ఉంటే అరగంట ముందు ఒక అరటిపండు తినండి, కళ్లు తిరగవు. అయిపోయాక రెండు గంటల్లోపు మామూలు భోజనమో టిఫినో చేయండి. ఇడ్లీ అయితే పక్కన గుడ్డో, గిన్నెడు చిక్కటి సాంబారో ఉండాలి. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండ సంగతి తెలిసిందే, పొద్దెక్కకముందే వ్యాయామం ముగించి, చెమట బాగా పట్టిన రోజు చిటికెడు ఉప్పేసిన పల్చటి మజ్జిగ తాగండి.

షుగర్, బీపీ మందులు వాడేవాళ్లు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు మాత్రం ప్రోటీన్ పెంచే ముందు తప్పకుండా డాక్టర్‌ను అడగండి.

నెల గడిచాక మళ్లీ మూడు రోజులు రాయండి. పాత పేజీ పక్కన పెట్టి చూస్తే మళ్లీ ఏ పూట పప్పు పల్చబడిందో, ఏ రోజు కూర తగ్గిందో కనిపిస్తుంది, అక్కడి నుంచి సర్దుకోండి.