ఫ్లాంజ్ (పైపులను కలిపే అంచు) బోల్టులు బిగించే ముందు చూసుకోవాల్సినవి

• లైన్‌లో ప్రెషర్ సున్నాకు వచ్చిందని నిర్ధారించుకున్నాకే రెంచ్ పట్టండి.

• డిజైన్ కోడ్‌లోని అనుమతి స్ట్రెస్ (బోల్టు లోహంలో ఉండనిచ్చే ఒత్తిడి; బి7 రకం ఉక్కు బోల్టుకు మామూలు ఉష్ణోగ్రతలో 172 మెగాపాస్కల్) బిగింపు విలువ కాదు. అది బోల్టుల సైజు, సంఖ్య తేల్చడానికి. బిగింపు స్ట్రెస్ సాధారణంగా అంతకంటే ఎక్కువే ఉంటుంది. గాస్కెట్ (ఫ్లాంజ్ ముఖాల మధ్య లీకు ఆపేది) నలగకుండా, ఫ్లాంజ్ వంగకుండా ఎంతవరకు తట్టుకుంటాయో చూసి దాన్ని విడిగా నిర్ణయించాలి.

• టార్క్ (నట్టును తిప్పే బలం) అంకె ఏ గ్రీజుకు లెక్కగట్టారో అడగండి. అసలు తేడా వచ్చేది ఇక్కడే. ఉదాహరణకు ఎం20 (20 మిల్లీమీటర్ల) బోల్టులో 345 మెగాపాస్కల్ స్ట్రెస్ రావాలంటే దాదాపు 84.5 కిలోన్యూటన్ల లాగుడు కావాలి. నట్ ఫ్యాక్టర్ (రాపిడిని లెక్కలోకి తెచ్చే అంకె) 0.20 అయితే 338 న్యూటన్ మీటర్లు, గ్రీజుతో అది 0.15కి తగ్గితే 253 చాలు. గ్రీజు రాసిన బోల్టుకు 338 ఇస్తే స్ట్రెస్ 460కి చేరుతుంది. గ్రీజును మరలకే కాదు, నట్టు ఆనే ముఖానికి కూడా రాయాలి. గాస్కెట్‌కు మాత్రం తగలనివ్వద్దు.

• ఫ్లాంజ్ ముఖాల మధ్య వంకర 200 మిల్లీమీటర్లకు 1 మిల్లీమీటరు దాటకూడదు. బోల్టులతో లాగి సరిచేస్తే ఆ బలం గాస్కెట్‌కు అందదు.

• వాడేసిన స్పైరల్ గాస్కెట్ మళ్లీ వద్దు.

• బోల్టులకు నంబర్లు వేయండి. ఎదురెదురుగా, పూర్తి టార్క్‌లో 30, 70, 100 శాతం చొప్పున బిగించాలి. ఒకటి బిగిస్తే పక్కది వదులవుతుంది కాబట్టి, చివర్లో ఏ నట్టూ కదలనంత వరకు వరుసగా చుట్టూ తిరగాలి. గాస్కెట్ కుదురుకుంటుంది, కనీసం 4 గంటలాగి ఇంకోసారి చూడటానికి పనిలో సమయం ఉంచుకోండి.