పెరటి భూత్ బంగ్లాలో లైట్లు మాట వినకపోతే: ఇంటర్‌ఫేస్ ఎంపిక, సమస్య - పరిష్కారం

దసరా సెలవుల్లో హనుమకొండలోని మా పాత పెంకుటింటి పెరట్లో వాడకట్టు పిల్లల కోసం భూత్ బంగ్లా కడతాం. చేదబాయిలోంచి లేచే చెయ్యి, ఎవరూ లేకుండానే ఊగే ఉయ్యాల, చింతచెట్టు కింద మినుకుమనే కొరివిదయ్యం. వీటన్నిటినీ ల్యాప్‌టాప్‌తో నడిపిస్తాం. ల్యాప్‌టాప్ చెప్పే మాటను లైట్లకు, మోటార్లకు చేరవేసే పెట్టెనే ఇంటర్‌ఫేస్ అంటాం. మాకు ఎదురైన ఇబ్బందులు, వినాయక చవితి మండపాలకు సెట్టింగులు వేసే తమ్ముళ్ళు అడిగినవి కలిపి రాస్తున్నాను.

ముందుగా ఒక పని చేయండి. సామానంతా రెండు కుప్పలుగా విడదీయండి. మెల్లగా వెలిగి మెల్లగా ఆరాల్సిన లైట్లు ఒకవైపు, టక్కున ఆన్ అయి టక్కున ఆగాల్సిన మోటార్లు, స్మోక్ మిషన్ ఇంకోవైపు. ఈ లెక్క లేకుండా ఇంటర్‌ఫేస్ కొంటే కింద రాసిన వాటిలో సగం మీకూ వస్తాయి.

ఫేడ్ చేస్తుంటే లైటు ఎగిరెగిరి పడుతోంది

నన్ను అందరికంటే ఎక్కువగా ఏడిపించింది ఇదే. బాయి మీద నీలం లైటు పది సెకన్లలో మెల్లగా పెరగాలి. సగంలో ఒక్కసారిగా భగ్గుమనేది. ఆ మెరుపులో ఉయ్యాలకు కట్టిన తీగ పిల్లలకు కనబడిపోయింది. ఇక దేనికి భయపడతారు?

కారణం చెప్పాలంటే డీఎంఎక్స్ గురించి కొంచెం తెలియాలి. స్టేజీ లైట్లకు ఆదేశాలు పంపడానికి 1986లో వచ్చిన పద్ధతి ఇది. ఒక లైనులో 512 చానళ్ళు, ఒక్కోదానికి 0 నుంచి 255 వరకు విలువ. మొత్తం 512 చానళ్ళనూ సెకనుకు సుమారు 44 సార్లు పంపవచ్చు. చవక రకం యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్‌లలో సొంత ప్రాసెసర్ ఉండదు. ఆ టైమింగ్ అంతా ల్యాప్‌టాపే చూసుకోవాలి. అదే ల్యాప్‌టాప్ దయ్యం కేకల ఆడియో కూడా ప్లే చేస్తుంటే సిగ్నల్ తడబడుతుంది.

పరీక్ష సులువు. ఫేడ్ నడుస్తుండగా బ్రౌజర్ తెరిచి ఒక వీడియో పెట్టండి. లైటు అప్పుడే ఎగిరితే తప్పు ఇంటర్‌ఫేస్‌దే. ఈ ఏటికి గట్టెక్కాలంటే ఆడియోను ఫోన్‌కు మార్చండి, మిగతా ప్రోగ్రాములన్నీ మూసేయండి, పవర్ సెట్టింగ్స్‌లో స్లీప్, యూఎస్‌బీ సస్పెండ్ ఆపేయండి. కొత్తది కొనేటప్పుడు మాత్రం లోపల సొంత మైక్రోకంట్రోలర్ (చిన్న ప్రాసెసర్) ఉండి, ఫ్రేములను, అంటే చానళ్ళ విలువల ఒక్కో విడతను, తనే పంపుకునేదాన్ని తీసుకోండి. ధర ఎక్కువే, కానీ డబ్బు ఎక్కడైనా పెట్టాల్సి వస్తే నేను ఇక్కడే పెడతాను.

ఒక జాగ్రత్త. బాగా తక్కువ వెలుగులో, అంటే 1, 2, 3 విలువల దగ్గర లైటు మెట్లు మెట్లుగా పెరిగితే అది ఇంటర్‌ఫేస్ తప్పు కాదు. 256 మెట్లే ఉన్నాయి, చీకట్లో మన కన్ను ఒక్కో మెట్టునూ పట్టేస్తుంది. లైటు మెనూలో డిమ్మర్ కర్వ్ (విలువను బట్టి వెలుగు ఎలా పెరగాలో చెప్పే సెట్టింగ్) ఉంటే మార్చండి, లేదా లైటును గోడకేసి తిప్పి ఆ వెలుగు బాయి మీద పడేలా పెట్టండి.

చివరి లైటు ఒక్కటే వణుకుతోంది

సౌండ్ వాళ్ళ దగ్గర తెచ్చిన మైక్ కేబుల్ వాడారా? కొద్ది దూరానికి నడుస్తుంది, పెరడు దాటితే మొండికేస్తుంది. డీఎంఎక్స్ కేబుల్ లేకపోతే క్యాట్‌5 నెట్‌వర్క్ కేబుల్‌లో ఒక జతను డేటాకు వాడండి. చివరి లైటు అవుట్‌పుట్‌లో 2, 3 పిన్నుల మధ్య 120 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టండి. వైరును ఎక్కడా వై ఆకారంలో చీల్చకండి, ఒక లైటు నుంచి ఇంకో లైటుకు వరసగానే వెళ్ళాలి.

మోటారు మూలుగుతోంది, అడాప్టర్ కాలిపోయేంత వేడి

ఉయ్యాలను ఊపడానికి మేం 12 వోల్టుల కారు వైపర్ మోటారు వాడాం. దాని అడాప్టర్‌ను డిమ్మర్ ప్యాక్‌లో, అంటే లైట్ల వెలుగును తగ్గించి పెంచే పెట్టెలో, గుచ్చాం. విలువ 255లో పెట్టినా డిమ్మర్ నుంచి వచ్చేది శుభ్రమైన 230 వోల్టులు కాదు. మోటార్లు, అడాప్టర్లు, స్మోక్ మిషన్ ఎప్పుడూ డిమ్మర్ మీద పెట్టకండి. వాటికి డీఎంఎక్స్ రిలే ప్యాక్ (కరెంటును పూర్తిగా ఆన్ లేదా ఆఫ్ మాత్రమే చేసే పెట్టె) వేరుగా కొనండి.

మోటారు ఆగినప్పుడల్లా యూఎస్‌బీ కనెక్షన్ పోతుంటే, కాయిల్‌లోంచి వెనక్కి తన్నే వోల్టేజీ చేసే పని అది. మోటారు ఒకే దిక్కున తిరిగేదైతే దాని రెండు తీగల మధ్య ఒక 1ఎన్4007 డయోడ్ వేయండి, గీత ఉన్న వైపు ప్లస్‌కు. ఆప్టికల్ ఐసొలేషన్ (రెండు వైపుల మధ్య తీగ కలపకుండా వెలుగుతో సిగ్నల్ దాటించే ఏర్పాటు) ఉన్న ఇంటర్‌ఫేస్ అయితే ల్యాప్‌టాప్‌కు కూడా రక్షణ.

రిలే బోర్డును ఆర్డినోతో (మనమే ప్రోగ్రాం రాసుకునే చిన్న కంట్రోలర్ బోర్డు) నడిపేవాళ్ళకు ఇంకో చిక్కు: కరెంటు ఇవ్వగానే రిలేలన్నీ టకటకమని, బాయిలోంచి చెయ్యి దానంతట అదే లేస్తుంది. చాలా బోర్డులు సిగ్నల్ సున్నా అయితే ఆన్ అవుతాయి. ప్రోగ్రాంలో పిన్‌ను ముందు హై చేసి, ఆ తర్వాతే అవుట్‌పుట్‌గా ప్రకటించండి.

మనిషి రాకముందే చెయ్యి లేస్తోంది, లేదా అసలు లేవడం లేదు

మనిషి కదలికను పసిగట్టే పీఐఆర్ సెన్సర్ వేడిని చూస్తుంది. స్మోక్ మిషన్ పొగ ఎదురుగా పడినా అది మోసపోతుంది. కరెంటు ఇచ్చాక మొదటి నిమిషం దాన్ని నమ్మవద్దు. నాకు నచ్చింది గడప దగ్గర చాప కింద పెట్టిన ఒత్తుడు స్విచ్. అయితే చాలా యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్‌లు సిగ్నల్ పంపడమే గానీ తీసుకోవు. ఆర్డినో లియొనార్డో బోర్డు ల్యాప్‌టాప్‌కు కీబోర్డులా కనిపిస్తుంది. చాప తొక్కగానే ఒక కీ నొక్కినట్టు చేయండి. ఉచితంగా దొరికే క్యూఎల్‌సీ ప్లస్ అనే లైటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆ కీకి సీన్‌ను (ముందే పెట్టుకున్న విలువల అమరికను) జత చేస్తే సరిపోతుంది.

కొరివిదయ్యం ఎర్రబడి చచ్చిపోతోంది

కొరివిదయ్యానికి వాడేది డబ్ల్యూఎస్2812బీ పిక్సెల్ స్ట్రిప్, అంటే ఒక్కో ఎల్‌ఈడీని విడిగా నడపగల పట్టీ. అందులో ఒక్కో ఎల్‌ఈడీ తెల్లగా నిండా వెలిగితే సుమారు 60 మిల్లీఆంపియర్లు లాగుతుంది. 150 ఉంటే 9 ఆంపియర్లు. చివరికి వెళ్ళేసరికి 5 వోల్టులు పడిపోయి తెలుపు ఎర్రగా మారుతుంది. రెండు చివరలా పవర్ ఇవ్వండి, గ్రౌండ్‌లు కలపండి. స్ట్రిప్‌ను నడిపే ఈఎస్‌పీ32 బోర్డు నుంచి వచ్చే సిగ్నల్ 3.3 వోల్టులే కాబట్టి మధ్యలో దాన్ని 5 వోల్టులకు పెంచే లెవెల్ షిఫ్టర్ పెట్టండి. పిక్సెళ్ళు ఎక్కువైతే యూఎస్‌బీ డీఎంఎక్స్ వదిలేసి డీఎంఎక్స్ విలువలనే నెట్‌వర్క్ ద్వారా పంపే ఆర్ట్‌నెట్‌కు వెళ్ళండి. అది కూడా వైఫై మీద కాదు, వైరు మీద. ఇంటిల్లిపాదీ వీడియోలు చూసే రాత్రి వైఫైలో ఫేడ్ నత్తనడక నడుస్తుంది.

అక్టోబరులో పెరటి గడ్డి ఇంకా తడిగానే ఉంటుంది, పిల్లలు ఉత్తకాళ్ళతో వస్తారు. 230 వోల్టుల లైనుకు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైనును ఆపేసే స్విచ్), సరైన ఎర్తింగ్ లేకుండా స్విచ్ వేయవద్దు. ఈ ఒక్కదాంట్లో రాజీ పడకండి.

కరెంటు పోయి వచ్చాక లైట్లు డిస్కోలా ఆడుతున్నాయి

సిగ్నల్ లేకపోతే కొన్ని పార్ లైట్లు (స్టేజీ మీద వాడే డబ్బా లైట్లు) సొంత ప్రోగ్రాం మొదలుపెడతాయి. మెనూలో సిగ్నల్ లేనప్పుడు బ్లాకౌట్ (పూర్తిగా ఆరిపోవడం) అని పెట్టుకోండి. యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్ ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద బతుకుతుంది కాబట్టి ఆగదు. ఆర్ట్‌నెట్ బాక్సు, రౌటర్ మాత్రం మళ్ళీ మొదటినుంచి లేవాలి, ఆలోపు గేటు దగ్గర పిల్లలు వరసకట్టి ఎదురుచూస్తుంటారు. ఆ రెంటినీ కంప్యూటర్‌కు వాడే చిన్న యూపీఎస్ మీద పెట్టండి.