ఒకే నాటక కృత్యాన్ని అందరు పిల్లలకూ సరిపోయేలా మార్చడం ఎలా?

తరగతిలో నాటకం అనగానే చాలామంది టీచర్లు ఒక్కో వయసుకు ఒక్కో కొత్త ఆట కోసం వెతుకుతారు. అంత అవసరం లేదు. మీకు బాగా చేతికొచ్చిన కృత్యం ఒక్కటుంటే చాలు, దాన్నే మార్చుకుంటూ పోవచ్చు. ఇక్కడ ఫ్రీజ్ ఫ్రేమ్‌ని తీసుకుందాం. కథలో ఒక క్షణాన్ని ఎంచుకుని, పిల్లలు కదలకుండా స్టాచ్యూల్లా ఆగి దాన్ని చూపిస్తారు. విషయం: పోయిన వస్తువు.

1. ముందు లక్ష్యం రాసుకోండి

ఒక్క వాక్యం చాలు. "వస్తువు పోయినవాళ్లకు ఎలా ఉంటుందో పిల్లలు చూపించాలి." ఇది మారకూడదు. నిలబడాలి, మాట్లాడాలి, అందరి ముందుకు రావాలి అన్నవి మనం పెట్టుకున్న అలవాట్లే కాబట్టి ఎవరికి అడ్డమైతే వాళ్లకు తీసేయవచ్చు.

2. వయసుకు తగ్గట్టు మార్చండి

ఐదారేళ్ల వాళ్లను గ్రూపులుగా విడదీయకండి. తరగతి మొత్తం కలిసి వెతకాలి, మీరూ వాళ్లలో ఒకరై ఆడాలి. మెడలో ఒక కండువా వేసుకుని, "నా బొమ్మ కనబడటం లేదు, ఎవరైనా చూశారా?" అని అడగండి. కండువా ఉంటే పాత్ర, తీస్తే టీచర్ అని ముందే చెప్పండి. ఊహ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో ఈ వయసు వాళ్లకు కళ్లకు కట్టినట్టు తెలియాలి. టీచరే పాత్రలోకి దిగే ఈ పద్ధతికి బ్రిటన్‌లో నాటకం ద్వారా బోధించిన టీచర్ డొరొతీ హీత్‌కోట్ మంచి గుర్తింపు తెచ్చారు. స్టాచ్యూగా ఆగడం రెండు మూడు సెకన్లకు మించనివ్వకండి.

ఎనిమిది నుంచి పదేళ్ల వాళ్లయితే నలుగురేసి కూర్చుని వస్తువు పోకముందు, పోయినప్పుడు, దొరికాక అని మూడు స్టాచ్యూ చిత్రాలు తయారుచేయగలరు. మీరు ఎవరి దగ్గర చెయ్యి ఎత్తితే వాళ్లు తమ పాత్ర మనసులో మాట ఒక్క ముక్కలో చెప్పాలి.

పదమూడు దాటిన వాళ్లకు అసలు ఇబ్బంది సిగ్గు. నలుగురూ చూస్తున్నారంటేనే టెన్షన్. కాబట్టి మొదట జంటలుగా, అందరూ ఒకేసారి చేయాలి, ప్రేక్షకులే ఉండకూడదు. బొమ్మ బదులు దొరికిన ఫోన్ ఇవ్వండి. తిరిగి ఇవ్వాలా, ఉంచుకుందామని ఒత్తిడి చేసే స్నేహితుడికి ఏం చెప్పాలి? అలవాటు పడ్డాక బ్రెజిల్‌కు చెందిన నాటక దర్శకుడు అగస్తో బోవాల్ పద్ధతిని వాడొచ్చు. చూస్తున్నవాళ్లలో ఎవరైనా "ఆపండి" అని, ఒత్తిడికి లొంగుతున్న పాత్ర స్థానంలోకి వెళ్లి తమ దారి చూపిస్తారు. ఈ వయసులో సలహాలు విసిరేయడం సులువే, ఆ స్థానంలో నిలబడి చూస్తేనే కష్టం తెలుస్తుంది.

3. పిల్లల అవసరాలకు తగ్గట్టు మార్చండి

ఏది వీలవుతుందో ముందు ఆ పిల్లలనే అడగండి. వాళ్లకు తెలిసినంతగా మనకు తెలియదు.

వినికిడి తక్కువ ఉన్నవాళ్లుంటే చప్పట్లతో సైగ చేయకండి. లైటు ఒకసారి ఆర్పి మళ్లీ వెలిగించండి, లేదా మీరు చెయ్యి ఎత్తగానే చూసినవాళ్లంతా చెయ్యి ఎత్తాలని నియమం పెట్టండి. కిటికీకి వీపు పెట్టి మాట్లాడితే మీ ముఖం నీడలో పడుతుంది, పెదవుల కదలిక కనిపించదు.

చూపు లేని పిల్లలుంటే స్టాచ్యూగా ఆగిన ప్రతి ఒక్కరూ తాము ఎలా ఉన్నారో పైకి చెప్పాలి. "నేను బల్ల కింద మోకాళ్ల మీద ఉన్నాను. చెయ్యి చాచాను, దుమ్ము తప్ప ఏమీ తగల్లేదు." ఆ మాట చెప్పాల్సి వస్తుందని తెలిస్తే మిగతావాళ్లు కూడా తమ చెయ్యి ఎక్కడుందో, ఎందుకుందో ఆలోచిస్తారు. ఒకరి కోసం చేసిన మార్పు అందరి పనినీ మెరుగుపరుస్తుంది. నాకు బాగా నచ్చే మార్పు ఇదే.

వీల్‌చైర్‌లో ఉన్నవాళ్లుంటే "నడవండి" అనకుండా "గదిలో తిరగండి" అనండి. అడగకుండా వాళ్ల కుర్చీని ఎవరూ నెట్టకూడదు. ప్రతిసారీ వాళ్లకే రోగి పాత్రో, సింహాసనం మీది రాజు పాత్రో ఇవ్వడం అన్యాయం.

ఆటిజం ఉన్న చాలామంది పిల్లలకు తర్వాత ఏం జరుగుతుందో తెలియకపోవడమే భారం. కృత్యం మొదలు నుంచి చివరి దాకా బొమ్మలతో బోర్డు మీద పెట్టండి, అయిపోయినవి కొట్టేస్తూ వెళ్లండి. ముట్టుకోవడం ఉండదని ముందే చెప్పండి. గదిలో ఒక ప్రశాంతమైన మూల ఉంచండి.

నత్తి ఉన్నవాళ్లకు నలుగురూ కలిసి పలికే సంభాషణ ఇవ్వండి. గొంతులు కలిసినప్పుడు చాలామందికి మాట తేలిగ్గా వస్తుంది. నేర్చుకోవడంలో నెమ్మదిగా ఉన్నవాళ్లకు ఒకసారికి ఒకే సూచన ఇవ్వండి, అదీ చేసి చూపించి.

4. "పాస్" అనే హక్కు ఇవ్వండి

ఎవరైనా ఎప్పుడైనా "పాస్" అనవచ్చు, కారణం అడగకూడదు. కానీ ఖాళీగా కూర్చోబెట్టకండి. "ఎవరి చేతులు ఎక్కువ కంగారుగా ఉన్నాయో చూసి చెప్పు" అని ఒక పని ఇవ్వండి. బాగా నటించింది ఎవరు అన్న పోటీ మాత్రం వద్దు, దాంతో సగం మంది మళ్లీ నోరు విప్పరు.

5. పాత్రలోంచి బయటికి తీసుకురండి

చేతులు దులుపుకుని, ఎవరి పేరు వాళ్లు చెప్పుకుంటే సరిపోతుంది. తగాదా, దుఃఖం ఉన్న సన్నివేశాల తర్వాత ఇది తప్పనిసరి. పిల్లలు వెళ్లాక, ఈ రోజు కృత్యంలోకి రాలేకపోయింది ఎవరో రాసుకుని, వాళ్ల కోసం వచ్చేసారి ఒక్క అంశాన్నే మార్చి చూడండి. అన్నీ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.